పద్నాలుగో రోజు లెక్క మాకు కుదరలేదు – నా అనుభవం

పిల్లలు కావాలంటే పద్నాలుగో రోజు చూసుకోవాలన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా వదిన చెప్పింది. ఫోన్లో యాప్ చెప్పింది. స్టాఫ్ రూములో తోటి టీచర్లు చెప్పారు. నెల్లూరు పొగతోటలో మేం చూపించుకున్న మొదటి డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టుకో, పద్నాలుగో రోజు అండం విడుదలవుతుంది, దానికి అటు రెండు రోజులు ఇటు రెండు రోజులు కలిసి ఉంటే చాలు. ఇంత తేలిక లెక్క చేతిలో పెట్టినా ఇంకా కడుపు పండలేదంటే లోపం ఎవరిదనుకుంటారు? ఆడదానిదే.

ఆ పద్నాలుగు ఇరవై ఎనిమిది రోజుల సగటు నెలకు వేసిన లెక్క. నాకు నెలసరి ఎప్పుడూ ఇరవై ఎనిమిది రోజులకు రాదు. ముప్పై దాటాల్సిందే, ఒక్కోసారి ముప్పై అయిదు కూడా దాటుతుంది. పెద్దమనిషిని అయినప్పటి నుంచీ అంతే. మా అమ్మకూ అంతేనట. నేను బడిలో లెక్కలు చెప్తాను. సగటు అనేది అందరి లెక్కా కలిపి తీసేదని, ఏ ఒక్కరికీ అది సరిగ్గా సరిపోవాలని లేదని ఏడో తరగతి పిల్లలకు ఏటా చెప్పే మాటే. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట వినేవాళ్ళు లేరు.

మాది ఇందుకూరుపేట వైపు ఒక పల్లె. మా ఆయనకు వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఇంట్లో అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం. పెళ్ళయి రెండో ఏడు దాటేసరికి "విశేషం ఏమన్నా ఉందా?" అని అడగని చుట్టం లేడు. ఆ బాధ ఇక్కడ రాయను. పడిన వాళ్ళకు తెలుసు, పడని వాళ్ళకు చెప్పినా ఎక్కదు.

మొదటి ఆసుపత్రిలో ఫాలిక్యులర్ స్టడీ అన్నారు. అండం ఉండే తిత్తి ఎంత పెరిగిందో రోజు విడిచి రోజు స్కాన్ చేసి చూడటం. మామూలుగా ఆ తిత్తి రోజుకు 2 మిల్లీమీటర్ల దాకా పెరుగుతూ పోయి, దాదాపు 18 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య పగులుతుంది. లోపలి నుంచి చేసే స్కాన్ కాబట్టి మూత్రానికి వెళ్ళి ఖాళీ చేసుకుని రావాలి. పొద్దున్నే బస్సెక్కి, టోకెన్ తీసుకుని, పేరు పిలిచేదాకా కూర్చుని, స్కాన్ అయ్యాక ఉరుకుల మీద బడికి పోవడం. హెడ్ మేడమ్ మొహం చూస్తే ఇంకోసారి పర్మిషన్ అడగబుద్ధయ్యేది కాదు. నా తిత్తి మాత్రం నింపాదిగా ఉంది. రెండో వారం దాటినా 11, 12 దగ్గరే ఉంది. "ఎగ్ పెరగడం లేదమ్మా" అని స్టడీ ఆపేసి, వచ్చే నెల నుంచి బిళ్ళలు, ఇంజెక్షన్ రాసిచ్చారు. ఇంకో వారం ఆగి చూద్దామని ఎవరూ అనలేదు. నీకు నెల ఎన్నాళ్ళకు వస్తుందని అడిగి ఫైల్లో రాసుకున్నారు గానీ, రాసుకున్నది ఎవరూ చదివినట్టు లేదు.

ఆ బిళ్ళలు మంచివి కావని నేననడం లేదు. అండం నిజంగా విడుదల కాని వాళ్ళకు అవే దారి. నాకు విడుదల అవుతోందో లేదో తేలకముందే మొదలుపెట్టడం మనసొప్పలేదు.

మా పుట్టిల్లు ఒంగోలు. మా పిన్ని ఇద్దరు పిల్లలకూ పురుడు పోసిన డాక్టరమ్మ ఇప్పటికీ అక్కడ చూస్తోంది. పెద్దావిడ. గట్టిగా మాట్లాడుతుంది, నెమ్మదిగా వింటుంది. ఫైలు తిరగేసి పక్కన పెట్టి, "జిగురు ఏ రోజుల్లో కనిపిస్తుందమ్మా నీకు?" అని అడిగింది. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నేను నోరు తెరవకముందే పక్కన కూర్చున్న మా అమ్మ, "దానికి తెల్లబట్ట అవుతుంది మేడమ్, వేడి శరీరం" అనేసింది.

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత ఓ అరగంట చెప్పింది. బయట జనం ఉన్నా చెప్పింది.

మా వైపు ఆడపిల్లకు కింద తడి కనిపిస్తే చాలు, అది జబ్బే. మెంతులు నానబెట్టి మజ్జిగలో తాగిస్తారు, సబ్జా గింజలు పోస్తారు, మాంసం మానిపిస్తారు. నాకూ ఇంటర్ చదివేటప్పుడు ఇవన్నీ అయ్యాయి. నిజానికి ఆ తడిలో చాలా భాగం గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు. నెల పొడుగునా అది మారుతూ ఉంటుంది. నెలసరి ఆగాక కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది. తర్వాత జిగటగా, ఆపైన మీగడలా అవుతుంది. అండం పక్వానికి వచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరిగి, పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, జారుడుగా, రెండు వేళ్ళ మధ్య సాగేలా మారుతుంది. అండం విడుదల కాగానే ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ చిక్కబడటమో ఎండిపోవడమో జరుగుతుంది. ఆ జారుడు జిగురులోనే వీర్యకణాలు బతుకుతాయి, అయిదు రోజుల దాకా కూడా. అండం మాత్రం బయటికొచ్చాక ఒక్క రోజుకు మించి నిలవదు, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలే. అందుకే అండం వచ్చాక పరిగెత్తడం కన్నా, వచ్చేలోపే వీర్యకణాలు అక్కడ కాచుకుని ఉండటం మేలు. కడుపు నిలిచే రోజులు నెలకు ఆరే, అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. అమెరికాలో 1995లో అచ్చయిన ఒక పరిశోధనలో, నిలిచిన గర్భాలన్నీ ఆ ఆరు రోజుల్లో కలిసిన వాళ్ళవేనని తేలింది.

దురద, మంట, చెడు వాసన, పెరుగు విరిగినట్టు తెల్లగా పడటం, పచ్చగా రావడం ఉంటే అది వేరే, దానికి మందు వాడాలి అని కూడా చెప్పింది. ఆ రెండింటికీ తేడా మా అమ్మకు నలభై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చాక ఆమె నాతో మాట్లాడలేదు. బస్టాండులో ఉన్నట్టుండి, "ఎన్ని మెంతులు తాగించానే నీకు" అంది.

పద్నాలుగు అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆ రోజే తెలిసింది. 1920లలో జపాన్‌లో ఒగినో అనే డాక్టరు, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టరు ఎవరికి వారు కనిపెట్టిందేమిటంటే, అండం విడుదలైన సుమారు రెండు వారాలకు తర్వాతి నెలసరి వస్తుందని. అంటే ఆ లెక్క వచ్చే నెలసరి నుంచి వెనక్కి పెట్టుకోవాలి. ఇరవై ఎనిమిది రోజుల వాళ్ళకు ఎటు నుంచి లెక్కపెట్టినా పద్నాలుగే వస్తుంది కాబట్టి తిరకాసు బయటపడదు. నాలాంటి దానికి అండం పద్దెనిమిదికో, ఇరవైకో, ఇంకా తర్వాతో వస్తుంది. నెలలో ముందు సగం సాగుతుంది, కుంచించుకుంటుంది. అండం విడుదలయ్యాక మిగిలే రోజులు మాత్రం ఒక్కో మనిషికి పెద్దగా మారవు. ఇక్కడ చిక్కేమిటంటే, వచ్చే నెలసరి ఎప్పుడొస్తుందో ముందే తెలియనప్పుడు వెనక్కి లెక్కపెట్టడం కుదరదు. అందుకని ఒళ్ళు చెప్పే గుర్తులు చూసుకోవాలి.

మూడు నెలలు రాసుకుని రమ్మంది. ఈలోపు థైరాయిడ్ పరీక్ష, మా ఆయనకు వీర్య పరీక్ష చేయించమంది. ఫోలిక్ యాసిడ్ బిళ్ళ కడుపు రాకముందు నుంచే వేసుకోవాలని రాసిచ్చింది.

వీర్య పరీక్ష దగ్గర ఇంట్లో కొంచెం రభస అయింది. "మగాడికి పరీక్షలేంది?" అని మామయ్య. మా ఆయన ఆ మాట పట్టించుకోకుండా వెళ్ళాడు. నాకున్న అదృష్టాల్లో అదొకటి. రెండు నుంచి ఏడు రోజులు ఎడం ఉండి శాంపిల్ ఇవ్వాలి, వాళ్ళ గదిలోనే ఇవ్వాలి లేదా గంటలోపు అందించాలి. చవకైన పరీక్ష, నొప్పి లేని పరీక్ష. మా చుట్టాల్లో ఒక జంట ఆమెకు పొట్టకు చిన్న గాటు పెట్టి లోపల చూసే లాప్రోస్కోపీ దాకా చేయించాక గానీ అతనికి ఈ పరీక్ష చేయించలేదు. మా ఆయన రిపోర్టు బాగానే వచ్చింది. నా థైరాయిడ్ కాస్త ఎక్కువుంటే చిన్న డోసు బిళ్ళ పెట్టారు.

ఇక థర్మామీటరు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది, దాని వల్ల ఒంటి వేడి కొద్దిగా పెరిగి తర్వాతి నెలసరి దాకా అలాగే ఉంటుంది. ఆ పెరుగుదల అర డిగ్రీ ఫారెన్‌హీట్ అటూ ఇటూ. ట్రంకు రోడ్డులో మందుల షాపులో అడిగితే జ్వరం చూసే డిజిటల్ ఇచ్చాడు. దానికి పాయింటు తర్వాత ఒకే అంకె. రెండంకెలు చూపించేది ఆన్‌లైన్లో తెప్పించుకున్నాం. పొద్దున నిద్ర లేవగానే, మంచం దిగకముందే, నీళ్ళు తాగకముందే, మాట్లాడకముందే, రోజూ ఒకే వేళకు నాలుక కింద పెట్టుకుని నోరు మూసుకోవాలి. అంతకుముందు కనీసం మూడు గంటలు వరసగా నిద్ర పట్టి ఉండాలి.

రొయ్యల చెరువులున్న ఇంట్లో మూడు గంటల నిద్ర! కరెంటు పోతే చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి, కాపలా అబ్బాయి ఫోన్ చేస్తాడు, మా ఆయన లేస్తాడు, నేనూ లేస్తాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి మామూలు రోజుల్లో కూడా ఆయన చీకట్లోనే మీటరు పట్టుకుని వెళ్తాడు. ఆ లైటు, ఆ తలుపు చప్పుడు, ఆ మోటార్ సైకిలు. మొదటి నెల నా అంకెలు చూస్తే గోలీలు వెదజల్లినట్టున్నాయి.

దాన్ని దారికి తెచ్చింది మా ఆయనే. ఆయనకు చెరువు పుస్తకం రాసే అలవాటు. ఒక్కో చెరువుకు తేదీ, ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం, చెక్ ట్రేలో మేత మిగిలిందా లేదా, పక్కన ఒక గడిలో వాన పడిందనో, కరెంటు పోయిందనో. నా పుస్తకం చూసి, "ఒక్క రోజు రీడింగుతో చెరువు సంగతి తేల్చం గదా, వారం గీత చూస్తాం. ఇదీ అంతే" అన్నాడు. స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. చివరి గడికి 'కారణం' అని పేరు పెట్టాడు. రాత్రి లేచిన రోజు, జలుబు చేసిన రోజు, పెళ్ళికి వెళ్ళి ఆలస్యంగా పడుకున్న రోజు అంకె రాసి దాని చుట్టూ సున్నా చుట్టేవాళ్ళం. గీత గీసేటప్పుడు ఆ సున్నాలను వదిలేయడమే. ఆయన మీటరుతో బయల్దేరే ముందు నన్ను కదిపి థర్మామీటరు నోట్లో పెట్టి వెళ్ళేవాడు. దాంతో ఒకే వేళ అనేది కూడా కుదిరింది. అది బీప్ కొట్టేలోపు నేను మళ్ళీ నిద్రపోయిన రోజులున్నాయి. అంకె లోపల నిలిచి ఉంటుంది, తర్వాత లేచి చూసుకోవచ్చు.

రెండో నెల నుంచి గీత కనిపించింది. చివరి అంకె వదిలేసి చెప్తే, కింద 97.2, 97.3, 97.1 అలా పోతూ పోతూ, పద్నాలుగో రోజు చాలా వెనకబడ్డాక ఒక రోజు 97.8కి ఎక్కింది. మర్నాడు 97.9. ఆ పై రోజు కూడా దిగలేదు. ముందున్న ఆరు రోజుల అంకెలన్నిటికన్నా పైన వరసగా మూడు రోజులు నిలిస్తే అండం విడుదలైనట్టు లెక్క. మొదటి ఆసుపత్రి వాళ్ళు పెరగడం లేదన్న అండం నెలనెలా తన టైముకు వస్తూనే ఉంది. ఆ కాగితం చూసుకుని నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది.

వేడి గీతతో ఒక ఇబ్బంది ఉంది. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారని డాక్టరమ్మ ముందే చెప్పింది. వేడి ఎక్కిందంటే అండం వచ్చేసిందని అర్థం. అంటే ఆ నెలకు బండి దాటిపోయినట్టే. వేడి ఎక్కిన రోజు కలిసి లాభం లేదు. అది ఇచ్చేది సాక్ష్యం మాత్రమే. ముందుగా కబురు చెప్పేది జిగురే. రెండూ పక్కపక్కన రాసుకుంటే మూడో నెలకు నాకు నమ్మకం కుదిరింది. జారుడు జిగురు కనిపించిన చివరి రోజు, ఆ మర్నాడో ఆ పై రోజో వేడి ఎక్కడం. నెల పొడుగు మారినా ఈ రెండింటి జత మారలేదు.

జిగురు చూసుకోవడం వినడానికి ఇబ్బందిగా ఉంటుంది గానీ, బాత్రూముకు వెళ్ళినప్పుడు తుడుచుకుని చూడటమే. పగలు రెండు మూడుసార్లు గమనించి, రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు కనిపించినదాంట్లో మేలైనది ఏదో ఒక్క మాటలో రాస్తే సరి. పొడి, జిగట, మీగడ, జారుడు. కలిసిన మర్నాడు వీర్యం తడితో కలగాపులగం అవుతుంది, ఆ రోజు ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని. సబ్బులతో, సువాసన ద్రావకాలతో లోపల కడుక్కునే అలవాటుంటే మానుకోవాలి. ముఖద్వారం ఎత్తు, మెత్తదనం వేలితో చూసుకునే పద్ధతి కూడా ఉందట, అది నా వల్ల కాలేదు, వదిలేశాను. కొన్ని నెలల్లో పొత్తికడుపులో ఒకవైపు సన్నగా పోటు వచ్చేది. అది వచ్చిన నెలలూ ఉన్నాయి, రాని నెలలూ ఉన్నాయి. దాన్ని నమ్ముకోలేం.

ఒవ్యులేషన్ కిట్లు కూడా వాడాను. అండం విడుదలకు ఒకటి, ఒకటిన్నర రోజు ముందు ఎల్‌హెచ్ హార్మోను ఒక్కసారిగా లేస్తుంది, మూత్రంలో దాన్ని పట్టిస్తుంది స్ట్రిప్పు. ప్రెగ్నెన్సీ కిట్టులో ఉన్నట్టు రెండో గీత లేతగా వచ్చినా చాలనుకోకూడదు. ఇందులో ఆ గీత పక్కదానంత ముదురుగానో, ఇంకా ముదురుగానో ఉండాలి. మధ్యాహ్నం దాటాక, రెండు గంటలు నీళ్ళు తగ్గించి చూడటం మంచిది. నెల్లూరు ఎండల్లో నీళ్ళు తగ్గించమనడం తేలికే, ఉండటమే కష్టం. పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్న వాళ్ళకు ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువుండి కిట్టు ఊరికే అవునంటుంది కాబట్టి వాళ్ళు దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. నాలా నెల పొడుగున్న వాళ్ళు పదో రోజు నుంచే మొదలుపెడితే పెట్టె అయిపోతుంది గానీ అండం రాదు. జారుడు జిగురు కనబడ్డాక మొదలుపెడితే రెండు మూడు స్ట్రిప్పులతో సరిపోతుంది.

ఒకసారి స్ట్రిప్పు మీద గీత ముదిరిన రోజే రొయ్యలు పట్టి అమ్మే చెరువు పట్టుబడి పడింది. ఐస్ లారీలు, కూలీలు, కిలోకు ఎన్ని రొయ్యలనే కౌంటు దగ్గర వాదులాట, రాత్రంతా గట్టు మీదే. నేనిక్కడ స్ట్రిప్పు పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ చేసి చెప్పడానికి కూడా లేదు, పక్కన కొనేవాళ్ళు, మామయ్య. ఆ నెల పోయిందనుకుని మర్నాడంతా ఇద్దరం ముఖాలు మాడ్చుకుని తిరిగాం. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. మొగుడూ పెళ్ళాల మధ్య ఉండాల్సింది కాస్తా డ్యూటీ అయిపోతుంది. ఆ సంగతి చెప్తే డాక్టరమ్మ కోప్పడింది. "ముహూర్తం పెట్టుకోమన్నానా? జారుడు కనిపించినన్నాళ్ళు రోజు విడిచి రోజు ఉంటే చాలు. ముందు రోజువి అప్పటికే లోపల ఉంటాయి" అంది. ఆ రోజు నుంచి కిట్లు కొనడం తగ్గించాం. ఇంట్లో మాటలు పెరిగాయి.

అత్తమ్మకు విషయం తెలిసింది కూడా ఈ రోజుల్లోనే. పొద్దున దుప్పట్లు మడుస్తుంటే దిండు కింద థర్మామీటరు దొరికింది. "ఏందమ్మాయ్, రోజూ జొరమా? చెప్పవేంది?" అని నుదురు పట్టి చూసింది. పుస్తకం తెచ్చి చూపించాను. ఆమె చదువుకోలేదు గానీ గీత ఎక్కడం, దిగడం అర్థం చేసుకుంది. "గేదె ఎదకొచ్చినప్పుడు తీగలు సాగతాయి గదా, అదేనా?" అంది. అదే. పాడి చూసే ఇంట్లో పశువుకు తెలిసిన గుర్తు మనిషికి తెల్లబట్ట అని పేరు పడి మజ్జిగ తాగించింది. తర్వాత నుంచి రాత్రి కరెంటు పోతే ఆమే గబగబా బయటికొచ్చి, "దాన్ని లేపొద్దురా" అని కొడుకుని కసిరేది.

అలాగని ఆమె తన దారి మానలేదు. మొహరం నెలలో నన్ను నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు తీసుకెళ్ళింది. బారాషహీద్ దర్గా ముందు మోకాలి లోతు నీళ్ళలో దిగి, కిందటి సంవత్సరం కోరిక తీరిన వాళ్ళ చేతి నుంచి సంతాన రొట్టె అందుకున్నాను. నా చేతిలో రొట్టె పెట్టినామె చంకలో పిల్లాడు ఉన్నాడు. చెన్నై నుంచి వచ్చారట. హిందువులు, ముస్లిములు అని లేకుండా ఎంతమంది ఆడవాళ్ళు ఆ ఒక్క రొట్టె కోసం కొంగు పట్టుకుని నిలబడి ఉంటారో చూస్తే, ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్న దిగులు కాస్త తేలికైంది. ఆ మర్నాటి ఉదయం అంకె చుట్టూ సున్నా చుట్టాం. కారణం గడిలో మా ఆయన 'రొట్టె' అని రాశాడు.

మూడు నెలల కాగితాలు తీసుకుని ఒంగోలు వెళ్ళాం. వేడి ఎక్కిన తర్వాత నెలసరి దాకా ఎన్ని రోజులున్నాయో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ రోజులు మరీ తక్కువగా, పది లోపు ఉంటే ఇంకో రకం పరీక్షలు కావాల్సి వచ్చేవట. నాకు పన్నెండు, పదమూడు ఉంటున్నాయి. ప్రొజెస్టెరాన్ రక్త పరీక్ష కూడా చేయించింది. దాన్ని అందరూ ఇరవై ఒకటో రోజు పరీక్ష అంటారు. నాకు ఇరవై ఒకటో రోజున చేస్తే తక్కువ చూపించి మళ్ళీ అండం లేదనేవాళ్ళు. ఆవిడ వేడి ఎక్కాక ఒక వారానికి చేయించమంది. బాగానే వచ్చింది. "బిళ్ళలేం వద్దు. నీ నెల నీది. ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అంది. ముప్పై అయిదు లోపు వయసు వాళ్ళు ఏడాది, ఆపైన వయసు వాళ్ళు ఆరు నెలలు ప్రయత్నించి డాక్టరు దగ్గరికి రావాలని, నెలలు అసలు రాకపోయినా, మరీ గజిబిజిగా వచ్చినా అంతదాకా కూడా ఆగకూడదని చెప్పింది. మూడు నెలలు పోయినా గీత ఎక్కకుండా చదునుగా ఉన్న వాళ్ళు పుస్తకం రాస్తూ కూర్చోకుండా వైద్యానికి రావాలని కూడా.

ఆ తర్వాత ఒక నెల వేడి ఎక్కింది, దిగలేదు. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు దిగడం నాకు అలవాటు. ఎదురుచూస్తూ ఉన్నాం. పైన పద్దెనిమిది రోజులు దాటి నిలిస్తే గర్భమని దాదాపు నమ్మొచ్చట. మా ఆయన అంతదాకా ఆగుదామన్నాడు. నేను ఆగలేక కిట్టు తెచ్చుకున్నాను. రెండు గీతలు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. దగ్గర్లోనే ఉందని నెల్లూరులో ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళాం. వాళ్ళు డేట్ వచ్చిన రోజు నుంచి లెక్కవేసుకుని, ఇన్ని వారాలకు ఇంత ఉండాలి, గుండె కొట్టుకోవాలి, లేదు అన్నారు. "సైజు తక్కువుందమ్మా, హార్ట్‌బీట్ రాలేదు. వారం పది రోజులు చూద్దాం, రాకపోతే తీసేయాలి" అని చెప్పిన తీరు కూరగాయలు బేరం చేసినట్టుంది. బయట బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు లేవలేదు. మా ఆయన ఫోన్లో పుస్తకం ఫోటోలున్నాయి. అవి తీసి చూసి, వేడి ఎక్కిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. వాళ్ళ లెక్కకూ మా లెక్కకూ వారానికి పైగా తేడా ఉంది. డేట్ నుంచి వేసే వారాల్లో పద్నాలుగో రోజుకు అండం విడుదలైందనే ఊహ దాగి ఉంటుంది. నాకు అది ఎప్పుడు అయిందో పుస్తకంలో ఉంది. దాని ప్రకారం బిడ్డ సైజు సరిగ్గానే ఉంది, గుండె చప్పుడుకు ఇంకా టైముంది.

ఆ లెక్క సరైనదని మనసుకు తెలుసు, భయానికి తెలియదు. ఒంగోలు డాక్టరమ్మకు ఫోన్ చేశాం. కాగితాలు పంపమంది. చూసి, "పది రోజులు ఆగి నా దగ్గరికి రండి. ఈలోపు ఎవరేం రాసిచ్చినా మింగొద్దు. నొప్పి గానీ, రక్తం గానీ కనిపిస్తే మాత్రం ఆగకుండా వచ్చేయండి" అంది. ఆ పది రోజులూ నేను థర్మామీటరు ముట్టుకోలేదు. ఒక పాయింటు తగ్గినా తట్టుకోలేనని ఆవిడే వద్దంది. గర్భం నిలిచాక ఆ అంకెలు చూసి చేయగలిగిందీ ఏం లేదు.

ఒంగోల్లో స్కాన్ చేస్తూ తెర మా వైపు తిప్పింది. గుండె కొట్టుకుంటోంది.

ఇప్పుడు అయిదో నెల. ఫైలు మీద డెలివరీ తేదీని స్కాన్ ప్రకారం మార్చి రాశారు. మొదట్లో చేసిన స్కాన్ కొలత నెల లెక్కకన్నా నమ్మదగిందట, చివర్లో తేదీ దాటిపోయిందని అనవసరంగా తొందరపడకుండా ఉండటానికి అదే ఆధారమట. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె డేట్ తప్పిన నెల నుంచే లెక్కపెట్టుకుంటోంది, సీమంతానికి రోజు కూడా ఆ లెక్కలోనే చూసిపెట్టింది. మా ఆయనేమో గళ్ళ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టుకుని మొదటి నుంచీ చెప్తున్నాడు.